ఇంటికొచ్చిన పోస్టాఫీసు: యుడోరా కథ

సంక్రాంతి సెలవుల్లో అవ్వ వాళ్ళింట్లో పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక సీడీ దొరికింది. మాది చిత్తూరు పక్కన పల్లె. ట్రంకుపెట్టెల్లో ఏముంటాయో మీకూ తెలుసు: పాసుబుక్కులు, పెళ్ళిపత్రికలు, మడతల దగ్గర చిరిగిపోయిన పట్టుచీర. వాటి మధ్యలో ఈ సీడీ. దాని మీద స్కెచ్‌పెన్నుతో "మెయిల్స్, 1996-99" అని మా మామ చేతిరాత. మామ అంటే అమ్మకు తమ్ముడు. ఆ ఏళ్ళలో ఆయన అమెరికాలో ఎమ్మెస్ చదివినాడు.

సీడీ అయితే దొరికింది గానీ దాన్ని చదివే మెషీన్ దొరకలేదు. మా బ్యాచ్‌లో ఒక్కరి ల్యాప్‌టాప్‌కి కూడా సీడీ డ్రైవ్ లేదు. చివరికి తిరుపతిలో ఒక జిరాక్స్ షాపు అన్న దగ్గర పాత డెస్క్‌టాప్ ఉందని తెలిసి, ఆయన్ని బతిమాలి, అందులో ఉన్నదంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నా. తీరా చూస్తే ఒకటే ఫోల్డర్. పేరు "యుడోరా". లోపల "ఇన్", "ఔట్" అని రెండు పెద్ద ఫైళ్ళు, ఇంకొన్ని చిన్నవి. డబుల్ క్లిక్ చేస్తే, దీన్ని ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో తెలీదంది కంప్యూటర్. తెగించి నోట్‌ప్యాడ్‌లో తెరిచా.

తెరుచుకుంది! 1996 నాటి ఉత్తరాలు, ఒకదాని కింద ఒకటి, ఒక్క అక్షరం కూడా చెడకుండా.

మామకి వాట్సాప్‌లో ఫోటో పెడితే, "అదా, అది మా కాలం జీమెయిల్ పాపా" అన్నాడు. రెండు వారాలు దాని గురించి చదివాక నాకు అర్థమైందేమంటే, మామ చెప్పింది తప్పు. యుడోరా జీమెయిల్‌కి తాత కాదు, పూర్తిగా ఉల్టా. ఉత్తరం ఎక్కడ ఉండాలి అనే ప్రశ్నకి రెండూ ఎదురెదురు జవాబులు.

కథలోంచి వచ్చిన పేరు

1988లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ, అర్బానా-షాంపేన్ క్యాంపస్. అక్కడి కంప్యూటర్ సెంటర్‌లో స్టీవ్ డార్నర్ అనే ప్రోగ్రామర్ ఉద్యోగం చేసేవాడు. (ఐదేళ్ళ తర్వాత, 1993లో, మొజాయిక్ బ్రౌజర్ పుట్టింది కూడా ఈ క్యాంపస్‌లోనే. కొన్ని ఊళ్ళ నీళ్ళలో ఏదో ఉంటుంది.) అప్పట్లో ఈమెయిల్ చదవాలంటే యూనివర్సిటీ పెద్ద కంప్యూటర్‌లోకి లాగిన్ అయి, అక్కడే కమాండ్లు కొట్టి, అక్కడే చదివి, అక్కడే జవాబు రాయాలి. ఉత్తరం మీదే, కానీ అది ఉండేది వాళ్ళ గదిలో. అదే సమయంలో టేబుళ్ళ మీదికి మెకింతోష్‌లు వచ్చేస్తున్నాయి. మౌస్ ఉంది, కిటికీలు ఉన్నాయి, సొంత డిస్క్ ఉంది. మరి ఉత్తరాలు మాత్రం ఇంకా వాళ్ళ గదిలో ఎందుకుండాలి?

దీనికి కావలసిన ఏర్పాటు అప్పటికే ఉంది. పాప్ అంటారు, విడదీస్తే పోస్టాఫీస్ ప్రోటోకాల్. నెట్‌వర్క్స్ సబ్జెక్టులో రెండు మార్కుల ప్రశ్నగా మనం బట్టీపట్టేదే. మా పల్లెలో దీన్ని సులభంగా చెప్పొచ్చు. పోస్ట్‌మ్యాన్ రోజూ రాడు. బ్రాంచి పోస్టాఫీసుకి ఎవరైనా పోయి "మావేమన్నా వచ్చినాయా సామీ" అని అడిగితే, ఉన్నవి చేతికిస్తారు. చేతికిచ్చాక ఇంక వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. పాప్ చేసేదీ అంతే. మీ కంప్యూటర్ సర్వర్‌కి ఫోన్ కలిపి, పేరూ పాస్‌వర్డూ చెప్పి, ఎన్ని వచ్చాయని అడిగి, అన్నీ తెచ్చేసుకుని, అక్కడ చెరిపేయమంటుంది. కావాలంటే అక్కడా ఒక కాపీ ఉంచమని చెప్పొచ్చు గానీ, అసలు పద్ధతి మాత్రం తెచ్చుకోవడమే.

డార్నర్ మెకింతోష్ కోసం రాసిన ప్రోగ్రామ్ ఈ పని చేసేది. మొదటి వెర్షన్‌కి ఏడాది పైనే పట్టింది. దానికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆయనకి కాలేజీలో చదివిన ఒక కథ గుర్తొచ్చింది. యుడోరా వెల్టీ 1941లో రాసిన "వై ఐ లివ్ ఎట్ ద పీఓ", అంటే "నేను పోస్టాఫీసులో ఎందుకు కాపురముంటున్నానంటే" అన్నమాట.

మన సాహితీ క్లబ్ వాళ్ళకి ఈ కథ నచ్చుతుంది కాబట్టి కొంచెం ఆగి చెప్తా. మిసిసిపీ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. కథ చెప్పే ఆవిడ ఆ ఊరి పోస్ట్‌మిస్ట్రెస్. మొగుణ్ణి వదిలేసి చెల్లెలు పుట్టింటికి వస్తుంది, వెంట రెండేళ్ళ పాప. పాపని పెంచుకున్నానంటుంది, అక్క నమ్మదు. అక్కడ మొదలైన మాటామాటా అమ్మనీ, తాతనీ, మామనీ ఒక్కొక్కర్నే అక్క మీదికి ఎగదోస్తుంది. చివరికి ఆవిడ తన ఫ్యానూ, రేడియో, తాను నిల్వపెట్టిన జాడీలూ అన్నీ మూటగట్టుకుని పోస్టాఫీసులోకి మకాం మార్చేస్తుంది. ఇంట్లో వాళ్ళు పంతంకొద్దీ పోస్టాఫీసుకి రావడమే మానేస్తారు. మొత్తం ఆ ఊరి యాసలో, ఆవిడ నోటితోనే నడుస్తుంది. నామిని "మిట్టూరోడి కథలు" చదివి నవ్వుకున్న వాళ్ళెవరైనా ఇందులో మనుషుల్ని ఠక్కున గుర్తుపడతారు. మా చిన్నజేజి, మా అమ్మ ఒకసారి ఇట్లనే ఆర్నెల్లు మాట్లాడుకోలేదు. కారణం ఒక రోలు.

పొద్దస్తమానం మెయిల్ ప్రోగ్రామ్‌తోనే బతుకుతున్న డార్నర్‌కి తానూ పోస్టాఫీసులోనే కాపురమున్నట్టు అనిపించిందట. ఆ కథ పేరునే తిప్పి, మీరుండే చోటికే పోస్టాఫీసుని తెస్తున్నాం అని ఒక నినాదం తయారుచేసి, ప్రోగ్రామ్‌కి రచయిత్రి పేరు పెట్టేశాడు. బతికున్న మనిషి పేరు అడక్కుండా పెట్టినందుకు ఆ తర్వాత కొంచెం మొహమాటపడ్డాడు. వెల్టీ మాత్రం ఈ సంగతి విని సంతోషించి నవ్వుకుందని చెప్తారు. ఆవిడ 2001లో పోయింది.

మనకూ ఈ అలవాటు లేకపోలేదు. తెలుగు ఫాంట్లకి పోతన, వేమన, పెద్దన, తిమ్మన అని పేర్లున్నాయి. మన శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతోనూ ఒక ఫాంట్ ఉంది. కానీ అవన్నీ గౌరవంతో పెట్టిన పేర్లు. ఒక కథ చదివి, అందులో పాత్రకీ తన పనికీ పోలిక కుదిరి, ఆ నవ్వుతో పెట్టిన పేరు వేరు. దామలచెరువు మధురాంతకం రాజారాం గారి కథ చదివి మన బ్యాచ్‌లో ఎవరైనా ఒక యాప్‌కి పేరు పెడితే చూడాలని ఉంది.

ఫోన్ బిల్లు లెక్క

1991లో క్వాల్‌కామ్ యుడోరాకి లైసెన్స్ తీసుకుంది. అవును, మీ ఫోన్‌లో స్నాప్‌డ్రాగన్ చిప్ చేసే క్వాల్‌కామే. వాళ్ళకి ముందు కావలసింది సొంత ఉద్యోగుల కోసం, మ్యాక్‌లోనూ పీసీలోనూ ఒకేలా పనిచేసే మెయిల్ ప్రోగ్రామ్. కొన్నాళ్ళకి డార్నర్ కూడా ఆ కంపెనీలో చేరాడు, విండోస్ వెర్షన్ వచ్చింది, తర్వాత దాన్ని బయట కూడా ఇచ్చారు. ఉచితంగా దొరికేది యుడోరా లైట్, డబ్బు కట్టి కొనేది యుడోరా ప్రో. అమెరికా యూనివర్సిటీల్లో చాలాచోట్ల కొత్త స్టూడెంట్ల చేతికి ఇదే ఇచ్చేవాళ్ళు. మామ చేతికి కూడా అట్లే వచ్చింది.

ఇక్కడ మన దేశంలో మామూలు మనుషులకి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. మన చిత్తూరోళ్ళకి దగ్గరిది మద్రాసే. ఇంట్లో మోడెం ఉన్నా అక్కడికి కలపాలంటే ఎస్టీడీ కాల్ చెయ్యాలి. రాత్రి పది దాటితే రేటు తగ్గుతుందని ఎస్టీడీ బూతు ముందు క్యూలో నిలబడిన తరం అది. మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో గట్టిగా, గబగబా మాట్లాడుతుంది. మీటర్ తిరుగుతున్నట్టే.

ఖాతాలు కూడా రెండు రకాలు. చవకది షెల్ ఖాతా. మీ కంప్యూటర్ ఒట్టి తెరే, మీరు కూర్చునేది వాళ్ళ కంప్యూటర్‌లోనే, పైన్ అనే ప్రోగ్రామ్‌లో నల్ల తెర మీద అక్షరాలు. ఉత్తరం చదివినంతసేపూ, జవాబు ఆలోచించినంతసేపూ లైన్ ఆన్‌లో ఉంటుంది, బిల్లు పెరుగుతుంది. ఖరీదైనది టీసీపీ-ఐపీ ఖాతా. అందులో మీ సొంత కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌లే నెట్‌తో మాట్లాడతాయి. యుడోరా వాడాలంటే ఇది ఉండాలి.

ఇట్లాంటి చోట పోస్టాఫీసుని ఇంటికి తెచ్చుకోవడం అంటే మురిపెం కాదు, పొదుపు. లైన్ కట్ చేసుకుని, నింపాదిగా నాలుగు జవాబులు రాసి, "క్యూ"లో పెట్టేస్తారు. తర్వాత ఒక్క నిమిషం ఫోన్ కలిపితే రాసినవి పోతాయి, వచ్చినవి దిగుతాయి. మళ్ళీ కట్. చదవడానికి ఫోన్ అక్కర్లేదు. కరెంటుంటే చాలు. (మా పల్లెలో అప్పట్లో అదీ గ్యారంటీ లేదనుకోండి.)

వచ్చిన ఉత్తరాల్ని యుడోరా దాచే తీరు నాకు బాగా నచ్చింది. ఒక్కో మెయిల్‌బాక్స్ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైల్. రహస్య ఫార్మాట్ ఏమీ లేదు. ఒక్కో ఉత్తరం మొదలయ్యే చోట "ఫ్రమ్" అనే మాట, ఆ పక్కన ???@??? అని ఇట్లా ఆరు ప్రశ్నార్థకాలు, తర్వాత తేదీ. అంతే. ఏ ఉత్తరం ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఇంకో చిన్న ఫైల్. ఆ సూచిక పోయినా ఉత్తరాలు పోవు. అందుకే దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, యుడోరా అన్న పేరే ఎప్పుడూ వినని నా ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ వాటిని చదివేసింది.

అటాచ్‌మెంట్లని మాత్రం విడదీసి వేరే ఫోల్డర్‌లో పెట్టేది. ఉత్తరంలో దాని స్థానంలో "అటాచ్‌మెంట్ కన్వర్టెడ్" అని ఒక లైను, ఫైలు ఎక్కడుందో దారి, అంతే ఉంటుంది. దీని సంగతి చివర్లో.

పెద్ద టీ, చిన్న టీ

మామ ఔట్ ఫైల్ తెరిస్తే మొదట నాకేమీ అర్థం కాలేదు. ఇంగ్లీషు అక్షరాలే, కానీ ఇంగ్లీషు కాదు. మాటల మధ్యలో ఎక్కడపడితే అక్కడ క్యాపిటల్ లెటర్లు. పాస్‌వర్డుల లిస్టనుకున్నా. అమ్మ వెనకనించి చూసి, ఆగకుండా చదివేసింది: "అమ్మకు ఒంట్లో ఎట్లుంది? నాయన మందులు సరిగ్గా వేసుకుంటాండాడా?"

అది ఆర్టీఎస్. రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్. బియ్యానికీ దీనికీ సంబంధం లేదు, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ పేరది. 1990ల తొలి ఏళ్ళలో అక్కడి తెలుగు విద్యార్థులు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దీన్ని తయారుచేశారు. ఎందుకంటే, అప్పటి ఈమెయిల్ దారులు ఏడు బిట్ల ఇంగ్లీషు అక్షరాలకే వేసినవి. 1982 నాటి నియమం అది. 1992లో మైమ్ అనే ఏర్పాటు వచ్చి ఫోటోలకీ ఇతర భాషలకీ దారి చూపింది గానీ, తెర మీద తెలుగు కనపడాలంటే ఫాంట్ ఉండాలి, దాన్ని అర్థం చేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకి 128 గడులు కేటాయించారు. కానీ మామూలు విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో తెలుగు వచ్చింది 2001లో ఎక్స్‌పీతో. మధ్యలో పదేళ్ళు. ఆ పదేళ్ళూ అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు పోట్లాడుకున్నదీ, పద్యాలు పంచుకున్నదీ, కథలు రాసుకున్నదీ ఎక్కువగా ఈ ఆర్టీఎస్‌లోనే.

దాని కిటుకంతా షిఫ్ట్ కీలో ఉంది. చిన్న ఏ రాస్తే "అ", పెద్ద ఏ రాస్తే "ఆ". చిన్న టీ "త", పెద్ద టీ "ట". చిన్న డీ "ద", పెద్ద డీ "డ". చిన్న ఎన్ "న", పెద్ద ఎన్ "ణ". పెద్ద ఎమ్ సున్నా. ఇప్పుడు వాట్సాప్‌లో మనం తోచినట్టు కొట్టే తెలుగు లాంటిది కాదు, ప్రతి అక్షరానికీ కచ్చితమైన జోడీ ఉంటుంది. అందుకే కంప్యూటర్ దాన్ని తిరిగి తెలుగు లిపిలోకి మార్చగలదు. మన సీనియర్లు చాలామంది తెలుగు టైపింగ్ మొదలుపెట్టిన లేఖిని ఈ పద్ధతి మీదే నడుస్తుంది.

షిఫ్ట్ నొక్కడం మరిస్తే మాత్రం గోవిందా. "వాడు" కాస్తా "వాదు" అవుతాడు, "మాట" పోయి "మాత" వస్తుంది. మామ ఒక ఉత్తరంలో "మీ మాతలు గుర్తుకొస్తున్నాయి" అని రాశాడు. ఎంతమంది మాతలో!

అయితే పల్లెలో కంప్యూటర్ లేదు కదా, ఈ ఉత్తరాలు ఎట్లా చేరేవి? మామ స్నేహితుడొకాయన మద్రాసులో ఉద్యోగం చేసేవాడు. ఆయన ఆఫీసులో మెయిల్ ఉండేది. ఆయన ప్రింట్ తీసి, కవర్లో పెట్టి, పోస్టు చేసేవాడు. అమెరికా నుంచి మద్రాసుకి ఒక్క నిమిషం, మద్రాసు నుంచి మా పల్లెకి మూడు రోజులు. అవ్వకి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. కొడుకు తెలుగులో రాసిన జాబుని అవ్వ సొంతంగా చదువుకోలేదు. డిగ్రీ చదువుతున్న అమ్మే చదివి వినిపించేది. పెద్ద టీ, చిన్న టీ అట్లా అలవాటయ్యాయి.

మిరపకాయలు

యుడోరా బలహీనత కూడా ఇక్కడే ఉంది. అది ఒక అక్షరానికి ఒక బైట్ అనుకునే కాలంలో రాసిన ప్రోగ్రామ్. "అమ్మ" అని ఆర్టీఎస్‌లో రాస్తే నాలుగక్షరాలు, నాలుగు బైట్లు. యూనికోడ్‌లో అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు. ఈమెయిల్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున పన్నెండు. బైటుకొక అక్షరం అనుకునే ప్రోగ్రామ్ ఆ పన్నెండిటినీ విడివిడిగా చూపిస్తుంది: నెత్తిన గీతతో ఒక ఏ, పక్కన ఒక డిగ్రీ గుర్తు, ఇంకేదో, మళ్ళీ నెత్తిన గీతతో ఏ. ఉత్తరమంతా రేణిగుంట వేసవి టెంపరేచర్ రీడింగుల్లా ఉంటుంది. యుడోరా అసలు వెర్షన్లు చివరిదాకా యూనికోడ్‌ని సరిగ్గా నేర్చుకోలేదు. తెలుగువాళ్ళు తెలుగులో రాయగలిగే రోజొచ్చేసరికి, వాళ్ళ ఉత్తరాలని భద్రంగా దాచిన ప్రోగ్రామ్‌కే తెలుగు చదవడం రాలేదు.

ఆ సమయంలో కంపెనీ వేరే ముచ్చట్లలో ఉన్నట్టుంది. 2000లో వచ్చిన యుడోరా 5లో మూడ్‌వాచ్ అని ఒకటి పెట్టారు. మీరు కోపంగా మెయిల్ రాస్తుంటే, తిట్టు ఎంత ఘాటుగా ఉందో చూసి ఒకటి నుంచి మూడు మిరపకాయలు చూపిస్తుంది. చల్లగా ఉంటే ఐసుముక్క. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఇంగ్లీషు ప్రొఫెసర్ డేవిడ్ కాఫర్ పరిశోధన దీని వెనక ఉంది. నవ్వులాట అనుకోకండి. పంపేముందు ఒక్క క్షణం ఆపే ప్రోగ్రామ్ మన క్లాస్ గ్రూపుల్లో ఉంటే ఎన్ని గొడవలు తప్పేవో. కాకపోతే అది వెతికింది ఇంగ్లీషు మాటల కోసం. మన చిత్తూరు తిట్లు ఆర్టీఎస్‌లో రాస్తే దానికి ఐసుముక్కే. అయినా సంగటిలోకి పచ్చిమిరపకాయలు నూరుకునే వాళ్ళకి మూడు కాయలు ఒక లెక్కా!

దాన్ని చంపింది మాత్రం తెలుగూ కాదు, మిరపకాయలూ కాదు, ఉచితం. విండోస్‌తో పాటే ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఊరికే వచ్చేది. 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ మొదలుపెట్టారు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ నెట్ సెంటర్‌లోనైనా బ్రౌజర్ తెరిచి చదువుకోవచ్చు. (వెల్టీ కథలో గొడవ జరిగేది కూడా జూలై 4నే. ఊరికే చెప్తున్నా.) సొంత కంప్యూటర్ లేని మనలాంటి దేశానికి ఇది వరం. తిరుపతి నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చునే కుర్రాడికి యుడోరా ఏం పనికొస్తుంది? ఉత్తరాలు ఆ షాపు కంప్యూటర్‌లో దిగి కూర్చుంటే ఇంకా ప్రమాదం. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక జీబీ జాగా ఇస్తామన్నప్పుడు, అప్పటికి హాట్‌మెయిల్ ఇస్తున్నది రెండు ఎంబీ. జనం నవ్వారు, ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. తర్వాత అందరూ అక్కడికే పోయారు.

అంటే 1988లో ఎక్కడ మొదలైందో తిరిగి అక్కడికే. పెద్ద కంప్యూటర్‌లోకి లాగిన్ అయి, అక్కడే చదివి, అక్కడే జవాబు రాయడం. ఈసారి గది యూనివర్సిటీది కాదు, కంపెనీది. గది అందంగా ఉంది, ఏసీ ఉంది, అద్దె లేదు. కానీ తాళం మనది కాదు.

యుడోరా బతకడానికి ప్రయత్నం చేసింది. 2000లోనే డబ్బు కట్టేవాళ్ళకి ఒక రకం, ప్రకటనలు చూసేవాళ్ళకి ఒక రకం, రెండూ వద్దనేవాళ్ళకి కొన్ని సదుపాయాలు తీసేసి ఇంకో రకం అని మూడు దారులు పెట్టింది. 2006 అక్టోబరులో విండోస్‌కి 7.1.0.9, మ్యాక్‌కి 6.2.4 వెర్షన్లు వచ్చాయి. అవే ఆఖరు. ఇకపై కొత్త యుడోరాని మొజిల్లా థండర్‌బర్డ్ పునాది మీద కడతామని క్వాల్‌కామ్ ప్రకటించింది. 2007 మే 1తో అమ్మకాలు ఆగాయి. థండర్‌బర్డ్‌కి యుడోరా వేషం వేసి 2010లో ఒకటి విడుదల చేశారు గానీ పాతవాళ్ళకి అది రుచించలేదు. యుడోరాలో మెయిల్ చదవడం అలవాటైన చేతికి ఇంకోటి పట్టదని మామే ఒప్పుకున్నాడు.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఉంది. వాళ్ళు క్వాల్‌కామ్‌తో ఐదేళ్ళు మాట్లాడి, యుడోరా సోర్స్ కోడ్‌నీ, పేరు మీద హక్కుల్నీ సంపాదించి, 2018 మే 22న కోడ్ మొత్తం అందరికీ విడుదల చేశారు. బీఎస్‌డీ లైసెన్స్, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. విండోస్ వెర్షన్ ఒక్కటే 8,651 ఫైళ్ళు. ఇతర కంపెనీల నుంచి తెచ్చుకున్న భాగాలు తీసేశారు కాబట్టి దింపుకుని నేరుగా కంపైల్ చేస్తే కుదరదు. మినీ ప్రాజెక్టుకి ఐడియా లేక తలపట్టుకున్న థర్డ్ ఇయర్ వాళ్ళు ఒకసారి తొంగిచూడండి. మ్యాక్ వెర్షన్ సీ భాషలోనే ఉంది, మనకొచ్చిన సీ.

మన సంగతి కూడా ఒక మాట. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీలో ఈ నాలుగేళ్ళ ఉత్తరాలున్నాయి. ప్రాజెక్టు గైడ్ తిట్లు, ఇంటర్న్‌షిప్ ఆఫర్, అర్ధరాత్రి ఫ్రెండ్ పంపిన నోట్సు. చాలా కాలేజీల్లో పాసౌట్ అయ్యాక ఆ ఐడీ మూసేస్తారు. గూగుల్ టేకౌట్ అని ఉంటుంది, మెయిల్ మొత్తం దింపుకోవచ్చు. అది ఏ ఫార్మాట్‌లో వస్తుందో తెలుసా? ఎంబాక్స్. "ఫ్రమ్" అనే లైనుతో ఒక్కో ఉత్తరం మొదలయ్యే మామూలు టెక్స్ట్ ఫైల్. మామ సీడీలో ఉన్నదానికి స్వయానా తమ్ముడు.

ఇంకో విషయం కూడా ఆ సీడీలో తెలిసింది. 1999 చివర్లో మామ ఆర్టీఎస్ వదిలి, ఏదో తెలుగు ఫాంట్ తెచ్చుకుని నాలుగైదు ఉత్తరాలు రాశాడు. అప్పుడు ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంట్, దేని లెక్క దానిది. ఆ ఫాంట్ ఏదో మామకి గుర్తులేదు. ఆ నాలుగైదు ఉత్తరాలు ఇప్పుడు ఒట్టి చెత్త గుర్తులు. తెలుగులా కనిపించాలని రాసినవి పోయాయి, ఇంగ్లీషు వేషంలో రాసినవి మిగిలాయి.

మిగిలినవాటిని లేఖినిలో పెట్టి తెలుగు లిపిలోకి మార్చా. అమ్మ దగ్గర కూర్చుని "మాత"ల్ని "మాట"లు చేసింది. అక్షరాలు పెద్దవి చేసి, ప్రింట్ తీసి, అవ్వకిచ్చాం. కొడుకు రాసిన జాబులు అవ్వ సొంతంగా చదవడం అదే మొదటిసారి. కళ్ళజోడు సర్దుకుని, వేలుపెట్టి, నిదానంగా చదివింది. 1997 నవంబరు ఉత్తరం దగ్గర ఆగింది. అందులో మామ, "ఇక్కడ మంచు పడింది, ఫోటో పంపుతున్నా చూడు" అని రాసినాడు. కింద "అటాచ్‌మెంట్ కన్వర్టెడ్" లైను, సీ డ్రైవ్‌లో ఏదో దారి. ఆ సీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఏ పాత సామాన్ల కొట్లో కలిసిపోయిందో.

"ఫోటో యాడుండాది పాపా?" అనింది అవ్వ.

లేదవ్వా, పోయింది అన్నా. "అప్పుడూ రాలా" అని తరువాతి కాగితం తిప్పింది.